గ్రీజు రాసిన ర్యామ్

మొగల్తూరు,
2-7-1999

ప్రియమైన పిన్నికి,

ఈ ఉత్తరం సంగతి అమ్మకి చెప్పకు. నాన్నకి అసలే చెప్పకు. ముందు మనసులో నాకు మాటిచ్చి, తరవాత కింద చదువు.

నా తెలుగు చూసి నవ్వకు. స్కూల్లో తెలుగు రాసేది వారానికి నాలుగు పీరియడ్లే. ఇంగ్లీషులో రాద్దామంటే ఇవన్నీ ఎలా చెప్పాలో తెలీలేదు.

నువ్వు మీ కంప్యూటర్ల షాపు ద్వారా మా మత్స్యకారుల సంఘానికి ఇప్పించిన పాత 486 కంప్యూటర్ ఇప్పుడు నా చేతిలోనే ఉంది. స్కూలు బస్సు దిగి తిన్నగా సంఘం ఆఫీసుకెళ్తాను. ఆ రోజు ఏ బోటులో ఎవరెవరు వేటకి వెళ్లారో పేర్లు టైపు చేసి, ప్రింట్ తీసి గోడకి అంటిస్తాను. మూడేళ్ల క్రితం తుఫానప్పుడు ఎవరు ఏ బోటు ఎక్కారో తెలీక ఆడవాళ్లు ఇంటింటికీ పరుగెత్తారు కదా, అందుకని ప్రెసిడెంట్ తాతాజీ గారు ఈ లిస్టు పెట్టించారు.

కానీ అది ఇంగ్లీషులో వస్తుంది. గోడ దగ్గరికొచ్చినవాళ్లు చదవలేక మన వాచ్‌మన్ చిట్టియ్య తాతని అడుగుతారు. ఆయనకీ రాదు. "ఇయ్యన్నీ పీతకాళ్లల్లే ఉన్నాయమ్మా, దుర్గపాప వచ్చేదాకా ఆగండి" అంటాడు. మా కంప్యూటర్ సర్ తెలుగు అక్షరాల ఫ్లాపీలు ఇచ్చారు. వేయగానే మెమరీ చాల్లేదని ఆగిపోతోంది. ఉన్న ర్యామ్ నాలుగు ఎంబీ. ఎనిమిది ఉంటే నడుస్తుందట.

ఆ పెట్టె మూత ఎవరూ తీయకూడదని తాతాజీ గారి ఆర్డర్. నాన్న సంఘం సెక్రటరీ. నాన్న సంగతి నీకు తెలుసు, కొట్టడు, మాట్లాడ్డం మానేస్తాడు. రేడియో పడేసినప్పుడు పదకొండు రోజులు మాట్లాడలేదు. దెబ్బయితే ఆ రోజుతో పోతుంది.

నాకు ర్యామ్ పంపుతావా? ఎలా పెట్టాలో కూడా రాయి. ఇంటికి పంపకు. నర్సాపురంలో మా స్కూలు ఎదురుగా రాజరత్నం గారి పుస్తకాల కొట్టుంది, ఆ అడ్రసుకి పంపు. ఆయన ఏమీ అడగరు.

భయంభయంగా,
దుర్గ

*

కాకినాడ,
8-7-1999

నా బంగారు దుర్గకి,

మాటిచ్చాను. ఇచ్చాకే చదివాను.

నువ్వు పుట్టినప్పుడు నాలాగే మొండిదవుతావని మీ అమ్మ దిగులుపడింది. పాపం, అక్క దిగులు వృథా పోలేదు. మా షాపులో ఇప్పటికీ నేను స్క్రూడ్రైవర్ పట్టుకుంటే కస్టమర్లు "అబ్బాయిలెవరూ లేరాండీ?" అని అటూ ఇటూ చూస్తారు. మా ఓనర్ గణేష్‌బాబు గారు "ఉన్నారండి, టీ తేవడానికెళ్లారు, ఈలోగా ఈవిడ బాగుచేసేస్తుంది" అంటారు. కాబట్టి నువ్వు మూత తీస్తానంటే నేను వద్దనను.

అట్టపెట్టెలో స్పాంజి మధ్య ఎనిమిది ఎంబీ ముక్క ఉంది. జాగ్రత్తగా విను. కరెంటు వైరు గోడ నుంచి పూర్తిగా పీకెయ్యి. స్విచ్ కట్టేస్తే చాలదు. మూత తీశాక ముందు కిటికీ ఊచ ముట్టుకో, ఒంట్లో ఉండే కొంచెం కరెంటూ దాంట్లోకి పోతుంది. మదర్‌బోర్డ్ మీద ఓ మూలగా ముక్క దిగడానికి తెల్లటి పొడుగాటి గాట్లు కనబడతాయి. ఒకదాంట్లో పాత ముక్క ఉంటుంది. రెండు కొసల్లో ఉన్న క్లిప్పులు గోటితో పక్కకి లాగితే అదే వాలుతుంది, తీసెయ్యి. కొత్తదానికి ఓ పక్క చిన్న గంటు ఉంటుంది, పాతదానికి ఎటుందో అటే ఉండేలా పట్టుకో. ఏటవాలుగా దింపి, నిలబెట్టు. రెండు క్లిప్పులూ టక్కుమనాలి. ఒక్కటే టక్కుమంటే సరిగా కూర్చోలేదని అర్థం.

పాతదీ కొత్తదీ కలిపి పెట్టకు. పాతది తీసిన వెంటనే నాకు పోస్టు చెయ్యి. ఆలస్యం చెయ్యకు, ఇక్కడ దాంతో పనుంది.

తెలుగులో లిస్టు వచ్చిన రోజున మొదటి కాపీ నాకు కావాలి.

ప్రేమతో,
మీ మరిడమ్మ పిన్ని

*

మొగల్తూరు,
20-7-1999

ప్రియమైన పిన్నీ,

ఘోరం జరిగిపోయింది.

శుక్రవారం సాయంత్రం చిట్టియ్య తాత టీకి వెళ్లినప్పుడు మూత తీశాను. పాతది తీశాను. కొత్తది పెట్టేలోపే బయట నాన్న మోపెడ్ చప్పుడైంది, గబగబా మూసేశాను. వెంటనే పంపమన్నావు కదా అని శనివారం పొద్దున పాతది నీకు పోస్టు చేసేశాను. ఒంటిపూట బడి. మధ్యాహ్నం వచ్చి కొత్తది పెట్టాను. రెండు క్లిప్పులూ టక్కుమన్నాయి. నువ్వు చెప్పినవన్నీ చేశాను పిన్నీ. ఒక చిన్న పని నా సొంతంగా చేశాను, అది పెద్ద విషయం కాదులే.

ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగానే ఉంది. బీప్, బీప్, బీప్. మూడుసార్లు అరిచి ఊరుకుంది. మళ్లీ వేస్తే మళ్లీ మూడు. కట్టేసి, దుమ్ముగుడ్డ కప్పి, ఇంటికెళ్లిపోయాను. అమ్మ చేపల పులుసు వేస్తే కడుపునొప్పని చెప్పాను.

ఆదివారం పెద్ద వాన పడింది. ఆఫీసు రేకు కారింది. సోమవారం నాన్న ఆన్ చేస్తే మూడు బీప్‌లు. అందరూ వానే అనుకున్నారు. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి లోపల చిట్టియ్య తాత నిలబడి ఉన్నాడు. రోజూ రాత్రి పెట్టె మీద టార్పాలిన్ కప్పడం ఆయన పని.

"టార్పాలిన్ కప్పావా లేదా?" అన్నాడు నాన్న.

"కప్పేనండి బాబూ. మీదొట్టు."

"కప్పితే పెట్టెలోకి నీళ్లెలా ఎల్లాయి?"

"పెట్టి మీద సుక్క కూడా పడలేదండి. గోడ కాడ పడింది. సూడండి, తడి గోడ కాడే ఉంది."

తాతాజీ గారు నవ్వారు. "గోడ కాడ తడిస్తే గోడకి రావాలిరా జొరం, పెట్టెకెందుకొచ్చింది? నిద్దరోయుంటావ్."

అందరూ నవ్వారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. చిట్టియ్య తాత నావైపు చూశాడు, "నువ్వన్నా సెప్పు పాపా, నేను రోజూ కప్పుతానా లేదా" అన్నాడు. నేను "కప్పుతాడు" అన్నాను. అంతవరకే అన్నాను.

బోటు మోకుతాడు చుట్టుకుని ఆయన కుడిచేతి వేళ్లు మూడు పోయాయని నీకు తెలుసు కదా. వేటకి వెళ్లలేడు. ఈ పని తీసేస్తే ఆయనకి వేరే పని ఎవరూ ఇవ్వరు.

పాతది తిరిగి పంపెయ్ పిన్నీ. పెట్టేస్తే అంతా సర్దుకుంటుంది. ఎవరికీ తెలీదు.

నీ
దుర్గ

*

కాకినాడ,
24-7-1999

దుర్గకి,

ముందు అన్నం తిను. కంప్యూటర్ కోసం ఎవరూ పులుసు మానరు.

మూడు బీప్‌లంటే దానికి ర్యామ్ కనబడ్డం లేదని అర్థం. బోర్డు కాలిపోలేదు, కాలిపోతే అరవను కూడా అరవదు. ముక్క తీసి, కింద వరసగా ఉన్న పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లిగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టు. పక్క గాట్లో కూడా పెట్టి చూడు.

పాతది ఇప్పుడు పంపడం కుదరదు. ఇక్కడ వేరే దాంట్లోకి వెళ్లిపోయింది. ఎందుకని అడక్కు.

నువ్వు సొంతంగా చేసిన ఆ చిన్న పనేంటి? రాయి. డాక్టరు దగ్గరా మెకానిక్కు దగ్గరా దాచకూడదు.

చిట్టియ్య గారి సంగతి చదివాక నాకు ఆ పూట పని సాగలేదు. నా చిన్నప్పుడు ఆయన తెప్ప మీద ఎక్కించుకుని తిప్పేవాడు.

పిన్ని

*

మొగల్తూరు,
31-7-1999

పిన్నీ,

రబ్బరుతో రుద్దాను. రబ్బరు నల్లగా, జిగురుగా అయిపోయింది. అప్పుడు నాకు అర్థమైంది, తప్పు నాదే.

గ్రీజు రాశాను పిన్నీ.

నాన్న బోటు ఇంజన్‌కి ఏ ముక్క బిగించినా ముందు గ్రీజు రాస్తాడు. రాయకపోతే ఉప్పుగాలి నెల్లాళ్లలో తినేస్తుంది. నేను ఆరేళ్లప్పట్నుంచి పక్కన గ్రీజు డబ్బా పట్టుకుని నిలబడ్డదాన్ని. ర్యామ్ పళ్లు అంత సన్నగా, అంత మెరుస్తూ ఉంటే, మన ఊరి గాలికి ఇవి ఎన్నాళ్లు ఆగుతాయిలే అనిపించింది. వేలితో పళ్లకి రాశాను, గాట్లోకి కూడా పూశాను. నువ్వు రాయడం మర్చిపోయావేమో అనుకున్నాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

చిట్టియ్య తాతని రావద్దన్నారు. వచ్చే ఆదివారం, ఎనిమిదో తారీకున, సంఘం మీటింగ్. అందులో వేరే మనిషిని పెడతారట. తాతాజీ గారి బామ్మర్ది పెద్దిరాజు ఖాళీగానే ఉన్నాడట. ఇప్పుడు లిస్టు నేను చేత్తో రాస్తున్నాను. నిన్న చిట్టియ్య తాత గోడ దగ్గరికొచ్చి తన కొడుకు పేరెక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. "పెట్టికి ఎలాగుంది పాపా?" అన్నాడు, ఇంట్లో మనిషికి ఒంట్లో బాగోపోతే అడిగినట్టు. నేను లిస్టు మూలలు మళ్లీ గోడకి నొక్కాను.

నేను చెప్పేస్తే నాన్న ముఖం ఎలా పెడతాడో తెలుసు. అమ్మతో "నీ కూతురికి అన్నం పెట్టు" అంటాడు, నన్ను పిలవడు. స్కూలు మాన్పించేస్తాడేమో కూడా. ఇంగ్లీష్ మీడియం చదివించింది ఇందుకా అంటారు అందరూ.

ఏం చెయ్యమంటావు? పోస్టు ఆలస్యం చెయ్యకు.

దుర్గ

*

కాకినాడ,
4-8-1999

దుర్గా,

చెప్పెయ్.

మీటింగ్‌లోనే చెప్పు, అందరూ ఉండగా. ఇంట్లో బావకి చెబితే ఆయన నీ పరువు కోసం లోపలే ఉంచుకోవచ్చు. అప్పుడు చిట్టియ్య గారి మీద మాట అలాగే ఉండిపోతుంది. నేను రాలేను, ఇక్కడ పని ఉంది. నువ్వే చెప్పాలి. పెద్దగా ఏడుపు అక్కర్లేదు, "మూత నేను తీశాను, గ్రీజు నేను రాశాను" అను, చాలు.

గ్రీజు పోవడానికి మందుల షాపులో స్పిరిట్ దొరుకుతుంది, దూదితో తుడువు.

పిన్ని

*

మొగల్తూరు,
9-8-1999

ప్రియమైన పిన్నికి,

చెప్పేశాను.

నీ ఉత్తరం శనివారం అందింది. చాలా చిన్నగా ఉంది. నా మీద కోపమొచ్చిందనుకున్నాను. అయినా వెళ్లాను.

చేపలు ఆరబెట్టే గచ్చు మీద నలభై మంది కూర్చున్నారు. ఆడవాళ్లు వెనక. ముందు డీజిల్ సంగతి, ఐసు సంగతి మాట్లాడారు. తరవాత తాతాజీ గారు "ఇంక వాచ్‌మన్ ఇసయం" అన్నారు. నేను లేచాను.  నాన్న "ఏంటమ్మా, మంచినీళ్లా?" అన్నాడు.

నువ్వు రాసిన రెండు మాటలూ అనేశాను. టార్పాలిన్ కప్పి ఉంది, వానకి ముందే పాడైంది అని కూడా అన్నాను.

 వెనకనుంచి ఓ ముసలావిడ "కంప్యూటరుకి గ్రీజేంటే, అదేమన్నా ఇంజనా?" అంది. అందరూ ఒక్కసారి నవ్వారు. తాతాజీ గారు కూడా నవ్వి, "చదువుకున్న పిల్ల, తెలీక చేసింది, పోన్లే. చిట్టియ్యా, రేపట్నుంచి వచ్చెయ్" అని, ఐసు సంగతి మళ్లీ మొదలెట్టేశారు.

పిన్నీ, చిట్టియ్య తాతకి ఎవరూ ఇంకో ముక్క చెప్పలేదు. తప్పయిందని గానీ, నిద్రపోయావన్న మాట నిజం కాదని గానీ. చిట్టియ్య తాత లేచి, తువ్వాలు దులుపుకుని భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఈ పొద్దున ఆఫీసుకి రాలేదు. కబురు పంపితే "నాకు వలల పనుంది" అన్నాడట.

నా దగ్గరున్న ఆఫీసు తాళంచెవి తీసేసుకున్నారు. నాన్న ఇంటికొచ్చాక కూడా ఒక్క మాట మాట్లాడలేదు. నేను పదకొండు రోజులకి సిద్ధపడ్డాను. పొద్దున పళ్లు తోముకుంటుంటే వెనకనుంచి అడిగాడు.

"ఏ గ్రీజు?"

"మన డబ్బాలోదే."

"పైదా, అడుగుదా?"

"పైది నాన్నా."

"పైది ఎండిపోయి ఉంటాది. రాసేదానివి అడుగుది తీయొద్దూ?" అని వెళ్లిపోయాడు. అది కోపమో కాదో నాకు తెలీలేదు. అమ్మ మాత్రం వంటింట్లో మూతి మూసుకుని నవ్వుతోంది.

స్పిరిట్‌తో తుడిచింది నాన్నే. తాళం ఆయన దగ్గరుంది కదా, నన్ను పక్కన నిలబెట్టుకుని తుడిచాడు. గ్రీజు మొత్తం పోయింది. ఇంకా మూడు బీప్‌లే. ఎందుకు పిన్నీ?

దుర్గ

*

కాకినాడ,
16-8-1999

ప్రియమైన దుర్గకి,

ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

తప్పు గ్రీజుది కాదు. నాది.

నీకు పంపిన ముక్క కొత్త రకం. పేరు ఈడీవో. చూడ్డానికి పాత రకంలాగే ఉంటుంది, గాట్లో కూర్చుంటుంది, క్లిప్పులు టక్కుమంటాయి. కానీ మీ బోర్డు పాతది, దానికి ఈ రకం అర్థం కాదు. లేబుల్ చూస్తే తెలిసేది. నేను చూడలేదు. ఎందుకు చూడలేదంటే, ఆ ముక్క షాపు డబ్బాలోంచి గణేష్‌బాబు గారికి చెప్పకుండా తీశాను. ఆయన వెనక్కి తిరిగేలోపు జేబులో వేసుకున్నాను. ఖాళీ కనబడకుండా నీ పాత ముక్క అక్కడ పెట్టాలి, అందుకే వెంటనే పంపమన్నాను. అడిగితే ఆయనే ఇచ్చేవారేమో. ఏడేళ్లుగా ఆ షాపులో ఒక్క వస్తువు కావాలని అడగలేదు నేను. అడిగితే "చూశావా, ఆడవాళ్లని పెట్టుకుంటే ఇంతే" అంటారేమోనని.

మూడు బీప్‌లని నువ్వు రాసిన రోజే నాకు అనుమానం వచ్చింది. చెప్పలేదు. గ్రీజు అని రాసిన రోజున, దుర్గా, సిగ్గులేకుండా చెబుతున్నాను, అమ్మయ్య అనుకున్నాను. నువ్వు చెప్పెయ్ అని నేను రాసిన ఉత్తరం అంత చిన్నగా ఎందుకుందంటే, ఇంకొక్క వాక్యం రాస్తే నా సంగతి కూడా వచ్చేసేది.

నీ ఉత్తరం చదివాక, షాపులో ఓ పాడుబడిన 486 బోర్డుకి పాత రకం ముక్క పెట్టి చూశాను. పళ్లకి నిండా గ్రీజు రాసి మరీ పెట్టాను. శుభ్రంగా ఆన్ అయింది. క్లిప్పు నొక్కినప్పుడు లోహమూ లోహమూ ఒరుసుకుని గ్రీజు పక్కకి పోతుంది. దుమ్ము పడుతుంది కాబట్టి మంచి పని కాదు గానీ, దానివల్ల బీప్ రాదు. నలభై మందిలో నువ్వు నవ్వులపాలైంది నా వల్ల.

గణేష్‌బాబు గారికి అంతా చెప్పాను. ఏమన్నారో తరవాత చెబుతాను. పాత రకం ఎనిమిది ఎంబీ ముక్క ఆయనే వెతికి ఇచ్చారు. లేబుల్ మూడుసార్లు చూశాను. పోస్టు చెయ్యనా, నేనే తేనా?

ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించు, సంఘంలో చదువు. నీ తప్పు లేదని అందరికీ తెలియాలి.

నిన్ను క్షమించమని అడిగే ముఖం లేని
మీ పిన్ని

*

మొగల్తూరు,
23-8-1999

పిన్నీ,

నీ ఉత్తరం రాజరత్నం గారి కొట్టులోనే నిలబడి చదివాను. మొదట చాలా కోపమొచ్చింది. తరవాత ఒళ్లంతా తేలికైపోయింది. నా తప్పు కాదు, నా తప్పు కాదు అనుకుంటూ బస్సులో కూర్చున్నాను. దిగి ఇంటికి కూడా వెళ్లలేదు, తిన్నగా చిట్టియ్య తాత దగ్గరికి పరుగెత్తాను.

ఇసకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఉన్న రెండు వేళ్లతో వల పట్టుకుని, రెండో చేత్తో ముడి వేస్తున్నాడు. నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ఈడీవో దగ్గర ఆగి అదేంటో చెప్పాను. చివర "చూశావా తాతా, నా గ్రీజు వల్ల కాదు" అన్నాను.

ఆయన ముడి పూర్తి చేసి, నోటితో దారం తెంపాడు.

"గ్రీజో, గాడిదగుడ్డో, నాకేం తెలుత్తాది పాపా. నన్ను అడుగుతుంటే నువ్వు గుమ్మంలో నిలబడ్డావు కదా. అది మీ పిన్ని సేసిందా?"

 జవాబు కోసం నీ ఉత్తరం మళ్లీ చూశాను పిన్నీ, అందులో లేదు. ర్యామ్ తప్పు నీది. కానీ ఇరవై రోజులు ఆయన రోడ్డు మీద నడుస్తుంటే పిల్లలు "గోడకి జొరం, గోడకి జొరం" అని అరిచారు. ఆ ఇరవై రోజులూ నేను నోరు మూసుకున్నాను. గ్రీజు వల్ల కాదని తెలిసినా ఆ రోజులు పోవు.

"తప్పయిపోయింది తాతా" అన్నాను. ఇది మీటింగ్‌లో కూడా అనలేదని అప్పుడు తెలిసింది. అక్కడ ఏం చేశానో చెప్పానంతే, ఆయనతో ఏమీ అనలేదు.

 ఆయన వల ఇంకో పక్కకి తిప్పాడు. తరవాత, "ఆ కొస గాలికి లేత్తంది. పట్టుకో" అన్నాడు.

పట్టుకున్నాను. చేతులకి చేపల వాసన పట్టింది, యూనిఫాం నిండా ఇసక. ఆయన ఒక్కో చిరుగూ కుడుతూ నావైపు జరిగాడు. అమ్మ వెతుక్కుంటూ వచ్చేదాకా అలాగే ఉన్నాను. వెళ్లొస్తానంటే తల ఊపాడు.

ఉత్తరం నాన్నకి చూపించాను. నాన్న రెండుసార్లు చదివి, "మీ పిన్నికి నాకంటే ధైర్యం ఎక్కువ" అన్నాడు. ఆ సాయంత్రం చిట్టియ్య తాత ఇంటికి ఒక్కడే వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పలేదు. ఇవాళ పొద్దున చూస్తే సంఘం ఆఫీసు మెట్ల మీద ఆయన తువ్వాలు ఆరేసి ఉంది.

ర్యామ్ పోస్టు చెయ్యకు పిన్నీ. నువ్వే రా. వచ్చే ఆదివారం సంఘం మళ్లీ కూర్చుంటోంది. ఆ ఉత్తరం నేను చదవను, నువ్వే చెప్పు. మీ షాపు సంగతి చెప్పక్కర్లేదు, అది నీకూ గణేష్‌బాబు గారికీ మధ్య విషయం. తప్పు ముక్క పంపింది నువ్వేనని మాత్రం చెప్పు. చిట్టియ్య తాత ముందు వరసలో కూర్చునేలా నాన్న చూస్తానన్నాడు. నేను నీ పక్కన నిలబడతాను.

అమ్మ నీ కోసం పండుగప్ప చేప తెప్పిస్తానంటోంది. నాకు నీ మీద కోపం పోయింది. ఎనిమిది గంటల బస్సుకి నర్సాపురంలో ఉంటాను.

నీ
వీరదుర్గ